నీ గన్‌బోటు పూర్తయింది చిన్నా, రెండు జెండాలతో పంపుతున్నాను

కావలి,
ఆదివారం రాత్రి

చిన్నా,

నువ్వు ఆదివారాలు ఆడే యుద్ధం ఆటకి కావాల్సిన పడవ పూర్తయింది, అదే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద తిరిగిన బ్రిటిష్ వాళ్ళ ఫిరంగి పడవ ఫైర్‌ఫ్లై బొమ్మ. రేపు కొరియర్‌లో వేస్తాను. ఫోన్లో చెబుదామంటే సగంలో ఆఫీసు కాల్ వచ్చిందమ్మా అని పెట్టేస్తావు, చెప్పాల్సినవేమో చాలా ఉన్నాయి, అందుకని రాస్తున్నాను. పెట్టె విప్పే ముందే ఇది చదువు నాన్నా.

ముందు నీకు చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు థర్మోకోల్‌తో చెక్కి అలమరలో పెట్టి వెళ్ళిన పడవ ఇప్పుడు లేదు, నా చేతుల్లోనే పాడైంది. రంగు వేసి పంపితే సంతోషిస్తావని, గేటుకి వేయగా మిగిలిన స్ప్రే డబ్బా తెచ్చి కొట్టాను. డబ్బా కింద పెట్టి చూసేసరికి పడవ ముక్కు దగ్గర బుడగలు బుడగలుగా లేచి, పెనం మీద వెన్న జారినట్టు లోపలికి కుంగిపోయింది. స్ప్రేలో ఉండే మందు థర్మోకోల్‌ని తినేస్తుందని మరుసటి రోజు ఫ్లెక్సీలు కొట్టే షాపు అబ్బాయి చెప్పేదాకా నాకు తెలియదు. నువ్వు రెండు రోజులు మెడ వంచుకుని కూర్చుని చెక్కింది కదా, నాకు చాలా బాధేసింది. అందుకే మళ్ళీ మొదట్నుంచీ నేనే చేశాను. నువ్వు ఇంకెప్పుడు థర్మోకోల్‌తో ఏం చేసినా ముందు దాని మీద ఫెవికాల్ రెండు పూతలు పూసి ఎక్కడా తెల్లగా కనపడకుండా ఆరనిచ్చి, తర్వాత బ్రష్షుతో మామూలు అక్రిలిక్ రంగు వెయ్యి, స్ప్రే జోలికి పోకు.

ఈసారి సన్‌బోర్డు వాడాను, బోర్డులకి వాడే గట్టి ప్లాస్టిక్ అట్ట. ఆ షాపు వెనకాల 3 ఎంఎం ముక్కలు గంపెడు పారేస్తారు, అడిగితే ఊరికే ఇచ్చాడు. కొలతలు నువ్వు నా కుట్టు మిషన్ పక్కన గోడకి అంటించిన కాగితంలోవే. అసలు ఫైర్‌ఫ్లై పొడవు 126 అడుగులు, అంటే 38.4 మీటర్లు, నీ ఆటలో అన్నీ అసలుకి 300వ వంతు కాబట్టి దాన్ని 300తో భాగిస్తే 12.8 సెంటీమీటర్లు. వెడల్పు 20 అడుగులు, మనకి రెండు సెంటీమీటర్లు. 3 ఎంఎం మందమంటే అసలు పడవలో 90 సెంటీమీటర్లు, నీళ్ళ మీద కనపడే పడవ అంచు ఎత్తుకి అది చాలు, రెండు ముక్కలు అతికించే పని కూడా లేదు.

నువ్వు గీసి కత్తిరించిన దాంట్లో ఎడమ పక్క కొంచెం లావుగా వచ్చింది, గమనించావో లేదో. రెండు పక్కలూ విడివిడిగా గీస్తే ఎవరికైనా అంతే. నేను బ్లౌజు మెడ తీసినట్టే తీశాను. బ్రౌన్ పేపర్ని నిలువునా మడిచి, మడత మీద సగం పడవే గీసి, కత్తెరతో ఒకే ఊపున కత్తిరించి విప్పాను. రెండు పక్కలూ అద్దంలో చూసినట్టు ఒకటే. ఆ కాగితం సన్‌బోర్డు మీద పెట్టి సన్న పెన్సిల్‌తో గీసి, బ్లేడుతో మొదటిసారి పైపైన, రెండోసారి కొంచెం లోతుగా, మూడోసారికి తెగేలా కోశాను. ఒక్కసారే నొక్కి కోస్తే బ్లేడు పక్కకి వాలి అంచు ఏటవాలుగా వస్తుంది. అంచులు గరుకు కాగితంతో రుద్దాను. ఆ కాగితం నమూనా కూడా పెట్టెలో పెట్టాను, అదే రకం పడవలు మొత్తం 16 కట్టారని చెప్పావు కదా, ఇంకోటి కావాలంటే పనికొస్తుంది.

అడుగు మాత్రం బల్లపరుపుగా ఉంచాను. టేబుల్ మీద కుదురుగా కూర్చోవాలనే కాదు, అసలు పడవదీ అదే కథ కదా. రెండడుగుల నీళ్ళుంటే చాలు నడుస్తుందని నువ్వు చెప్పినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఇస్కపల్లి దగ్గర ఉప్పు ఎక్కించుకుని బకింగ్‌హామ్ కాలవ మీద మద్రాసు దాకా పోయే పడవల్లో ఆయన చిన్నప్పుడు పనిచేశాడు, గెడ వేసి తోసుకుంటూ, గాలి లేకపోతే ఒడ్డున తాడు పట్టి లాక్కుంటూ. ఆ పడవలకీ అడుగు బల్లలాగే ఉండేదట. బస్తాలు ఎన్ని వేసినా పక్కకి ఒరగదు, బురదలో కూర్చున్నా మునగదు, నలుగురు దిగి భుజం ఆనిస్తే కదులుతుంది. నది లోతు లేని చోట ఏ దేశం వాడైనా అలాగే కట్టుకోవాలి. ఆ పడవ కట్టిన బ్రిటన్ యారో కంపెనీ వాళ్ళు అడుగు కింద సొరంగంలా తొలిచి దాంట్లో పడవని నడిపే ఫ్యాను పెట్టారన్నావు చూడు, నేల తగిలి రెక్కలు విరక్కుండా, అది విన్నప్పుడు మా నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో అనిపించింది. అక్కడ ముక్కలుగా తయారుచేసి, ఓడల్లో పంపించి, ఇరాన్‌లోని అబాదాన్‌లో మళ్ళీ బిగించారన్నది ఇంకా నచ్చింది నాకు. కత్తిరించిన గుడ్డ ఒక ఊరి నుంచి వస్తే ఇంకో ఊళ్ళో కూర్చుని కుట్టడం లాంటిదే కదా, ఒక్క కొలత తప్పినా ఏదీ ఏదానికీ అతకదు.

పైన గదులు చొక్కాల పెట్టె అట్టతో చేశాను. పొగగొట్టం రీఫిల్ ముక్క, లోపలి ఇంకు పూర్తిగా కడిగేశాను, లేకపోతే రంగులోంచి నీలం పైకి వస్తుంది. వీటి గురించి ఇంకేం చెప్పేది లేదు.

అసలు ఆలోచించాల్సి వచ్చింది ఫిరంగి దగ్గర. 4 అంగుళాల ఫిరంగి అంటే గొట్టం లోపలి కొలత 4 అంగుళాలు, దాన్ని 300తో భాగిస్తే మిల్లీమీటరులో మూడో వంతు. లెక్కప్రకారం చేద్దామని తొమ్మిదో నంబరు సూది కొన పెట్టి చూశాను, చూడ్డానికి అచ్చం ఉంది, కానీ వేలు తగిలితే గుచ్చుకుంటోంది, రెండోసారి తగిలితే ఊడిపోతోంది. నువ్వు దీన్ని అద్దాల బీరువాలో పెట్టుకోవు కదా. నలుగురు పిల్లలు ఆదివారం టేబుల్ చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, టీ గ్లాసు పట్టుకున్న చేత్తోనే పడవ జరుపుతారు. అందుకని గుండుసూది తల తీసేసి పెట్టాను. లెక్కకి కొంచెం లావే, కానీ మూరెడు దూరం నుంచి చూస్తే అదే ఫిరంగిలా కనపడుతుంది, సూది కొన అసలు కనపడదు. కొలతకి కట్టుబడాల్సింది పొడవు వెడల్పుల్లో, సన్నవాటికి కంటికి ఏది సరిపోతే అది. జాకెట్టు మీద పైపింగ్ కూడా అంతే, మరీ సన్నగా వేస్తే దగ్గర కూర్చున్న మనిషికి తప్ప తెలియదు.

స్తంభానికి మొదట చీపురు ఈనె పెట్టాను, పెట్టెలోంచి రెండుసార్లు తీసేసరికే విరిగింది. తర్వాత బాత్రూం కడిగే ప్లాస్టిక్ చీపురు పుల్ల ఒకటి కోసి పెట్టాను (కొత్త చీపురేలే, వాడింది కాదు). దాన్ని వేలితో పడుకోబెట్టి వదిలితే మళ్ళీ లేచి నిలబడుతుంది, చూడు. చుట్టూ రెయిలింగు మన నెట్ క్లాత్. నెట్‌ని ఫెవికాల్ నీళ్ళలో ముంచి ప్లాస్టిక్ కవరు మీద పరిచి ఆరబెడితే రేకులా బిగుసుకుంటుంది, అప్పుడు రెండు గళ్ళ ఎత్తున పట్టీ తీసి అంచు వెంబడి అంటించాను. వెనక వైపు ఎండకి వేసిన గుడ్డ పందిరి బక్రం ముక్క, కాలర్లలో పెట్టేది. ఆ ఎండల్లో పందిరి లేకుండా ఇనప పడవలో మనుషులు ఎలా ఉంటారు మరి.

ఇప్పుడు జెండాల సంగతి. నువ్వు బ్రిటిష్ నౌకాదళం వాళ్ళ తెల్ల జెండా (వైట్ ఎన్‌సైన్) ఒక్కటే గీసి పెట్టావు. కానీ ఆ పడవ కథ నువ్వే కదా చెప్పావు, మిషన్ పక్కన కూర్చుని. 1915 నవంబరులో బాగ్దాద్ దగ్గర టెసిఫాన్‌లో టర్కీ వాళ్ళతో యుద్ధం, బాగ్దాద్ అందక బ్రిటిష్ సైన్యం వెనక్కి మళ్ళడం, డిసెంబరు 1న ఉమ్ అల్ తుబల్ దగ్గర ఫైర్‌ఫ్లై బాయిలర్‌కి గుండు తగిలి ఆగిపోవడం, లాగడానికి వచ్చిన కామెట్ అనే పడవ కూడా నేలకి తగులుకోవడం, సుమన అనే చిన్న పడవ మనుషుల్ని ఎక్కించుకుని పోవడం. వదిలేసిన పడవని టర్కీ వాళ్ళు బాగుచేసుకుని సల్మాన్‌పాక్ అని పేరు పెట్టుకుని వాడుకున్నారు. మళ్ళీ 1917 ఫిబ్రవరి 26న ఇంగ్లీషు వాళ్ళే పట్టుకున్నారు. మరి ఒకే పడవ రెండు పక్కలా పోరాడినప్పుడు ఒకే జెండా అంటించేస్తే ఎట్లా నాన్నా?

అందుకని వెనక కొసన సన్నగా రంధ్రం పెట్టి, అందులో ఇంకో రీఫిల్ కొన, అదే ఇత్తడి మొన, బాల్ తీసేసి దింపాను. జెండా గుండుసూదికి అంటించాను, సూది ఆ మొనలోకి దిగి నిలబడుతుంది, లాగితే వస్తుంది. రెండు జెండాలు చేశాను. శాటిన్ రిబ్బన్ మీద, ఒక్కోటి 6 ఎంఎం వెడల్పు. టర్కీ వాళ్ళది ఎర్రది, మధ్యలో తెల్ల నెలవంక, నక్షత్రం. నెలవంక సూది మొనతో రంగు అద్ది వేశాను, నక్షత్రం మాత్రం చుక్కలాగే వచ్చింది, అంతకంటే నా కళ్ళకి సాధ్యం కాలేదు. రిబ్బన్ అంచు దారాలు లేవకుండా అగరుబత్తి నిప్పు దూరం నుంచి చూపించాను. జెండా తడిగా ఉన్నప్పుడే కొంచెం మడత పెట్టి వదిలాను, గాలికి ఊగినట్టు ఉంటుంది.

నీ ఆటలో సిపాయిలకి కూడా ఒక చోటు బాగా చూసి పెట్టు. ఆ సైన్యానికి నువ్వుండే పూణె పేరే ఉందన్నావు, పూనా డివిజను. వెనక్కి మళ్ళి చేరిన కుట్ అనే ఊళ్ళో 147 రోజులు టర్కీ వాళ్ళ ముట్టడిలో ఉండి, తిండి లేక 1916 ఏప్రిల్ 29న లొంగిపోయినవాళ్ళు దాదాపు 13,000 మంది, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే అన్నావు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచీ నాకు మనసులో ఉండిపోయింది. ఎవరి తల్లులో ఇక్కడ ఉత్తరం కోసం చూసుకుంటూ ఉండుంటారు. ఆటలో పడవనే అందరూ చూస్తారు, దాని వెనక ఒడ్డున నడిచినవాళ్ళని కూడా చూడమని అంటున్నా.

ఇంకో మాట, నీ టేబుల్ మీద నది నీలం రంగు వేశావు, ఫోటో చూశాను. మార్చెయ్యి. వరదలో మన పెన్న ఏ రంగులో ఉంటుందో చూశావు కదా, పలచని టీ రంగు, అలాంటిది కలుపు. నేను పడవ కింద అట్టకి ఆ రంగే వేసి, ముందు భాగాన టిష్యూ పేపరు ఫెవికాల్‌తో నలిపి నురగ పెట్టాను. నదిలో ఇసుక మేటలు కూడా పెట్టు. ఆ టైగ్రిస్ నదికి కొండల మీద మంచు కరిగి వసంతంలో నీళ్ళొస్తాయి కదా, మన పెన్నకేమో అక్టోబరు, నవంబరు వానలు. అంటే మనకి నిండుగా పారే కాలంలో వాళ్ళకి నీళ్ళు తక్కువ. 1915 ఆట ఆడేటప్పుడు మేటలు ఎక్కువ పెట్టి, మేట దగ్గరికి వచ్చిన పడవకి పాచిక వేసి తగులుకుందో లేదో చూడాలని రూల్ పెట్టుకుంటే బాగుంటుంది, కామెట్‌కి జరిగింది అదే కదా. 1917 ఆటకి రెండు మూడు మేటలు తీసెయ్యి.

పడవని మలై కాజా పెట్టెలో పెట్టాను, కాజాలు వేరే కవర్లో ఉన్నాయి, కంగారు పడకు. చుట్టూ కాటన్ గుడ్డ పీలికలు కుక్కాను, తీసేటప్పుడు స్తంభం పట్టుకుని లాగకు, కింద అట్ట పట్టుకో. బొత్తాల డబ్బాలో అదనంగా రెండు ఫిరంగులు, ఒక స్తంభం, నెట్ పట్టీ కొంచెం ఉన్నాయి. మీ నాన్న ఫిరంగికి నల్లరంగు వెయ్యాలంటాడు, నేను బూడిద రంగే ఉంచాను, నీకేది సరైందో నువ్వే చూసి వేసుకో.

వచ్చే ఆదివారం ఆడాక ఫోటో పెట్టు, ఏ జెండాతో దింపావో కనపడేలా తియ్యి.

అమ్మ