ఒక్కరికీ ‘దే’ వాడొచ్చు

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. పిల్లల పేపర్లలో ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దేర్ బుక్’ అని కనిపిస్తే ‘దేర్’ కొట్టేసి ‘హిజ్’ అని దిద్దుతున్నానన్నావు. దయచేసి ఇక దిద్దకు, మార్కులూ తగ్గించకు. మనకు బళ్లో ‘హిజ్’ అనే నేర్పారు, నిజమే. కానీ ఆ సూత్రం కన్నా పిల్లలు రాసిన వాడుకే చాలా పాతది.

అసలు ఈ ‘దేర్’కు మూలమైన ‘దే’, అంటే ‘వాళ్లు’ అనే మాట, ఇంగ్లీషులో పుట్టిందే కాదురా. 9వ శతాబ్దం నుంచి ఉత్తర, తూర్పు ఇంగ్లాండుల్లో స్థిరపడిన నార్స్ జనం, అంటే స్కాండినేవియా వాళ్లు, తెచ్చిన మాట. పాత ఇంగ్లీషులో అతడు, ఆమె, వాళ్లు అనే మూడు మాటలూ ‘హ’తోనే మొదలయ్యేవి. రానురాను ఇంచుమించు ఒకేలా వినిపించసాగాయి. ఆ తికమకలో ‘దే’ నిలదొక్కుకుంది, అదీ మెల్లగా. 14వ శతాబ్దపు లండన్‌లో చాసర్ అనే కవి ‘దే’ అని రాస్తూనే, ‘దెమ్’ అనాల్సిన చోట పాత ‘హెమ్’నే వాడాడు. ఇప్పటికీ ‘టెల్ ఎమ్’ అంటారు చూడు, ఆ ‘ఎమ్’ ఈ ‘హెమ్’ మిగులే! నాకు భలే ఇష్టం ఈ సంగతి.

ఒక్క మనిషికి ‘దే’ వాడటం కూడా ఆ 14వ శతాబ్దపు రాతల్లోనే కనిపిస్తుంది. నవలలు రాసిన జేన్ ఆస్టిన్ కూడా వాడింది. తప్పని పట్టుబట్టింది 18వ శతాబ్దపు వ్యాకరణకర్తలు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుంలింగంలో రాసిన మాట ఆడవాళ్లకూ వర్తిస్తుందని ఏకంగా శాసనమే చేసింది. జనం మాత్రం ‘దే’ అంటూనే ఉన్నారు.

‘సమ్‌వన్ కాల్డ్ యు’ అంటే ఎవరైనా ‘వాట్ డిడ్ దే వాంట్?’ అనే అడుగుతారు. ‘హి’ అంటే ఫోన్ చేసింది మగవాడేనని తేల్చేసినట్టు. ప్రతిసారీ ‘హి ఆర్ షి’ అంటే వినడానికే విసుగు. క్రియ మాత్రం ఒక్కరికైనా ‘దే ఆర్’ అనే చెప్పు. ‘తాతగారు వచ్చారు’ అనే మన పిల్లలకు అదేం వింత కాదు. అయితే అక్కడ బహువచనం గౌరవానికి, ఇక్కడ గౌరవంతో పని లేదు. ఈ తేడా ఒక్కటీ చెప్తే చాలు.

తమను ఆడా మగా అని చెప్పుకోని కొందరు ‘దే’ అనమని అడుగుతారు. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఆ అర్థాన్నీ చేర్చింది. వాళ్లు అడిగినట్టు పిలవడమే మర్యాద, పిల్లలకు అదీ చెప్పు.

పేపర్లు ఇంకా నీ దగ్గరే ఉంటే, తీసేసిన ఆ మార్కులు కలిపెయ్యరా. వెంటనే జవాబు రాయి.

నీ
శీను