మన రోడ్ల మీద వచ్చే మైలేజీని కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే కార్ల పేజీ మా స్టాఫ్‌రూమ్‌లో అందరి చేతులూ మారుతుంది. కొత్త కారు ఫొటో పక్కన మైలేజీ అంకె పెద్దగా ఉంటుంది. అందరం ముందు చూసేది దాన్నే. అలాంటి అంకెను నమ్మే ఒకసారి నా లెక్క తప్పింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉండేది పాలకొల్లులో, బడి చించినాడ వంతెన అవతల మలికిపురం వైపు. బస్సు దిగి ఆటో పట్టుకుని వెళ్లేసరికి ఒక్కోరోజు ప్రార్థన కూడా అయిపోయేది. 2019లో చిన్న పెట్రోలు కారు కొన్నాం. రోజూ రానూపోనూ 44 కిలోమీటర్లు. అదే దారిలో పనిచేసే ఇద్దరు మేడమ్‌లు నాతోపాటు ఎక్కుతారు. పెట్రోలు ఖర్చు ముగ్గురం సమానంగా పంచుకోవాలని మొదటిరోజే అనుకున్నాం.

షోరూమ్‌లో లీటరుకు 21 వస్తుందన్నారు. నేనూ 21తోనే భాగించి ఒక్కొక్కరి వాటా చెప్పేశాను. నెలకు 22 పనిదినాలు, 968 కిలోమీటర్లు, 46 లీటర్లు. తీరా చూస్తే నెలకు 58 లీటర్లు పోయించాల్సి వస్తోంది. ఎక్కువైన ఆ 12 లీటర్లూ మూడు నెలలపాటు నేనే భరించాను. అడగడానికి మొహమాటం. ‘నీ కారు, నీ డ్రైవింగు, మేమేం చేస్తాం’ అనుకుంటారేమోనని బాధ. చివరికి ఒక వంద పేజీల నోటుపుస్తకం కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. కరోనాకు బడులు మూసిన రోజులు మినహా ఇప్పటిదాకా ఒక్క ఫిల్లింగూ వదలకుండా అందులో రాస్తున్నాను.

పద్ధతి చాలా తేలిక. ఎప్పుడూ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ దానంతటది టక్కున ఆగేదాకా కొట్టిస్తాను. ‘ఇంకో యాభై రూపాయలు రౌండ్ చేయనా మేడమ్’ అని కుర్రాడు అడిగితే వద్దంటాను. ట్రిప్ మీటరు సున్నా చేస్తాను. మళ్లీ ట్యాంకు నింపిన రోజు తిరిగిన కిలోమీటర్లను ఆరోజు పట్టిన లీటర్లతో భాగిస్తాను. మొదటి పేజీల్లో ఒక వరుస చూడండి: 518 కిలోమీటర్లు, 31.2 లీటర్లు, 16.6. మా అంకె అదీ. ముగ్గురం, మూడు బ్యాగులు, మూడు క్యారేజీలు, ఏసీ రెండో పాయింటు మీద. ఆ పేజీ చూపించాక మా మేడమ్‌లు మారుమాట లేకుండా వాటా సరిచేశారు.

షోరూమ్ వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. ఆ 21 ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలుసుకున్నాను. పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో కారును రోలర్ల మీద నిలబెట్టి, మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో సుమారు ఇరవై నిమిషాలు నడిపిస్తారు. గరిష్ఠ వేగం 90. సగటు వేగం ముప్పై పైచిలుకు. ఏసీ వేయరు. ఎదురుగాలి ఉండదు, గొయ్యి ఉండదు. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి అది పనికొస్తుంది. ఇంటి ఖర్చు లెక్క వేసుకోవడానికి పనికిరాదు. ఈ తేడాను కొనేవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

మా దారి సంగతి చెబుతాను. ఊరూరికీ రెండేసి స్పీడు బ్రేకర్లు. చెరువుల మట్టి తోలే టిప్పర్లు, రొయ్యల లారీలు. దాళ్వా కోతలు వచ్చాయంటే సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. రైతును తప్పు పట్టలేం, ఆరబెట్టుకోవడానికి కళ్లం ఎక్కడుంది? ఎదురుగా ఆటో వస్తే మనం ఆగాలి, మళ్లీ ఫస్ట్ గేరు, సెకండ్ గేరు. పైగా ఏప్రిల్ ఎండ. ఆ నెల నా పుస్తకంలో 14.9 అని ఉంది. అదే సంక్రాంతి సెలవుల్లో రావులపాలెం మీదుగా హైవే ఎక్కి రాజమండ్రి వెళ్లొస్తే 19 దాటింది. కారు అదే, తోలిందీ నేనే.

ఇక చెరకు, నూకల్లాంటి వాటి నుంచి తీసే ఇథనాల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. మా కారు పాతది, ఈ20 కోసం తయారైంది కాదు. అలాంటి కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే ఉంది. నా పుస్తకంలో ఈ మధ్య వరుస ఇదీ: 483 కిలోమీటర్లు, 31 లీటర్లు, 15.58. అంటే 6 శాతం తగ్గింది. అదంతా ఇథనాల్ వల్లేనని నేను తేల్చి చెప్పలేను. కారుకూ వయసొచ్చింది, రోడ్డు కూడా ఇంకా పాడైంది. కానీ లీటరు 109 రూపాయల లెక్కన మాకు నెలకు 400 పైగా అదనం. మా నాన్నగారు రైతు. చెరకుకూ నూకకూ గిరాకీ వస్తే సంతోషించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇథనాల్ వద్దని అనడం లేదు. పాత కారుకు మైలేజీ ఎంత తగ్గుతుందో బంకు దగ్గర బోర్డు మీద రాసి పెట్టమంటున్నాను.

యానాంలో పెట్రోలు చవక కదా, అక్కడ కొట్టించుకోవచ్చుగా అని మా మరిది అన్నాడు. ఎదుర్లంక వంతెన అటూ ఇటూ ఉండేవాళ్లకు అది లాభమే. పాలకొల్లు నుంచి వెళ్లి రావాలంటే వంద కిలోమీటర్లకు పైమాటే. లీటరుకు పది రూపాయలు మిగిలినా ట్యాంకుకు 350. దారిలో కాలే పెట్రోలు 700 దాటుతుంది. ఈ లెక్కను తొమ్మిదో తరగతి పిల్లలకు బోర్డు మీద ఇచ్చాను, అందరూ సరిగ్గా చేశారు.

నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీ పేజీలో కంపెనీ చెప్పిన మైలేజీ పక్కనే, ఇలా ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క రాసుకునే పాఠకుల అంకె కూడా వేయండి. ఏ దారి, ఎంతమంది ఎక్కారు, ఏసీ ఉందా లేదా, ఏ సంవత్సరం కారు అన్నది కూడా ఒక వాక్యంలో రాయండి. కోనసీమలో, భీమవరం వైపు, కాకినాడలో నాలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. అడిగితే పంపుతారు. నా పుస్తకంలోంచి పన్నెండు నెలల పేజీలు జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతో జతచేశాను.

మా బడిలో కొత్తగా చేరిన సైన్సు టీచరు ఈ నెలాఖరుకు కారుకు అడ్వాన్సు కట్టబోతోంది. 24 వస్తుందని షోరూమ్‌లో చెప్పారట. ఆ అంకె మీదే ఈఎంఐ ఎంత పెట్టుకోవచ్చో చూసుకుంది. నా పుస్తకం చూపించాను. ‘అది మీ కారు కదా మేడమ్, ఇది వేరే మోడల్’ అంది. ఆమె మాటా నిజమే. ఆ మోడల్ మన రోడ్ల మీద ఎంత ఇస్తుందో చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. మీ పాఠకుల్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. ఈ నెలాఖరులోగా అడిగి వేయగలరా?

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా