మన చెరువు సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేటి సర్వసభ్య సమావేశంలో మనం చేసుకున్నది ఒకటే తీర్మానం: చెరువులో గుర్రపుడెక్క తీయించి, కలువలను మళ్లీ నిలబెట్టాలని. మొదటి పని అయింది. రెండోది సగమే అయింది, మిగతా సగం చెడగొట్టింది మనమే. అందుకని ముందు ఆ తప్పు చెప్పేసి, తర్వాత మిగతా విషయాల్లోకి వెళ్తాను.

ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటినప్పుడు ప్రొక్లెయిన్ పెట్టించాం. కిరాయి గంటల లెక్క. ఆ తొందరలో, ఒడ్డున నిలబడ్డ కమిటీవాళ్లం (నేనూ ఉన్నాను) "పచ్చగా కనిపించిందల్లా తీసెయ్" అని డ్రైవర్‌కు చెప్పేశాం. మూడో రోజు తూము దగ్గర వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, "అది డెక్క గాదు సార్, అల్లి. గడ్డలతోని సహా తోడి ట్రాక్టర్ల పోస్తున్నరు" అన్నాడు. అల్లి అంటే కలువే. అప్పటికే తూర్పు ఒడ్డు మొత్తం అయిపోయింది. గుర్రపుడెక్క నీటి మీద తేలే మొక్క; వేళ్లు నీళ్లలోనే వేలాడుతుంటాయి. పువ్వు బాగుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకుని నెత్తికెత్తుకున్నది దాన్ని. కలువ గడ్డ అలా కాదు, బురదలో పాతుకుని ఉంటుంది. ఎండల్లో నీరు ఇంకిపోయినా అక్కడే కాచుకుని ఉండి, వానలు పడగానే ఆకు వేస్తుంది. ఆ బురదనే మనం ఎత్తిపోయించాం. పూడికమట్టి తోలించుకున్న రైతుల ఇళ్లకు తిరిగితే ఇద్దరి పొలంగట్ల మీద ఇంకా తడి ఆరని గడ్డలు దొరికాయి. రెండు బస్తాలు. వాటినే తెచ్చి మళ్లీ పాతాం.

అవి చాలవని ఒక నర్సరీకి కలువ మొక్కలు కావాలని చెప్పాం. వచ్చినవి తామరలు. దించుకునేటప్పుడు ఒక్కరం కూడా గుర్తుపట్టలేదంటే సిగ్గుగానే ఉంది. ఇక ముందు మోసపోకుండా గుర్తు చెబుతాను. కలువాకు నీటి మీద పరుచుకుని ఉంటుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు. పళ్లెంలా గుండ్రంగా, నడిమధ్యన కాడతో, నీటి మీదికి లేచి నిలబడుతుంది. తామరకాయ షవర్ బిళ్లలా పైకే కనిపిస్తుంది. కలువ అయితే పూత ముగిశాక కాడ ముడుచుకుని పువ్వును నీళ్లలోకి లాగేసుకుంటుంది, కాయ లోపలే పండుతుంది. చూపుకు అక్కాచెల్లెళ్లలా ఉన్నా వృక్షశాస్త్రం లెక్కన ఈ రెండూ దగ్గరి చుట్టాలు కూడా కావు.

ఈ పొరపాటు మనకొక్కరికే కాదనుకుంటే కాస్త ఊరట. ఈజిప్టు సమాధుల బొమ్మల్లోని పువ్వును లోకమంతా "నీలి తామర" అంటుంది. అది నిజానికి నీలికలువ. పొద్దున విచ్చుకుని తర్వాత ముడుచుకునే పువ్వు కాబట్టి వాళ్లు దాన్ని సూర్యుడికి జతచేశారు. 1922లో బయటపడ్డ టుటన్‌ఖమున్ సమాధిలో, పిల్లవాడైన రాజు తల ఆ పువ్వులోంచి పైకి వస్తున్నట్టు చెక్కిన కొయ్యబొమ్మ దొరికింది. మన దగ్గర మన్మథుడి అయిదు బాణాల్లో అరవిందానికీ (తామర) నీలోత్పలానికీ (నీలికలువ) వేరువేరు చోట్లు ఇచ్చారు. మన పెద్దలకు తేడా బాగానే తెలుసు, నర్సరీవాళ్లకే తెలియలేదు. ఉమ్మడి రాష్ట్రంలో కలువ రాష్ట్ర పుష్పం. విడిపోయాక తెలంగాణ తంగేడును, ఆంధ్రప్రదేశ్ మల్లెను పెట్టుకున్నాయి. పాపం, కలువకు ఇప్పుడు రెండు చోట్లా పదవి లేదు. బంగ్లాదేశ్, శ్రీలంకల్లో మాత్రం జాతీయ పుష్పం అదే. బంగ్లాదేశ్‌లో దాని కాడలు కూర కూడా వండుకుంటారు.

ఈ ఏడాది నాకు బాగా నచ్చిన కార్యక్రమం రాత్రి కాపలా. ఆగస్టులో పున్నమినాడు పదకొండు మందిమి టార్చిలైట్లు, బజ్జీల పొట్లాలు పట్టుకుని కట్ట మీద కూర్చున్నాం. చీకటి పడ్డాక తెల్లకలువ మొగ్గ మీది ఆకుపచ్చ రేకులు నాలుగూ వెనక్కి వాలాయి, కాసేపటికి లోపలి తెల్లరేకులు విడివడ్డాయి. చంద్రుడిని కలువలరేడని ఊరికే అనలేదు అనుకుంటుండగా ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి, "అమావాస్యనాడు కూడా చూద్దాం అంకుల్" అంది. వెళ్లాం. చంద్రుడు లేకపోయినా అదే వేళకు విచ్చుకుంది. మర్నాడు పొద్దెక్కేదాకా తెరుచుకునే ఉంది. కవులు పున్నమినాడు మాత్రమే చెరువుకు వచ్చేవారేమో! నీలంగా పూసే నల్లకలువైతే పగటిపూటే పూస్తుంది. మన చెరువులో అది రెండు చోట్లే మిగిలింది.

ఆ అమ్మాయే టార్చి వేసి ఇంకొకటి చూపించింది. మొదటి రోజు పువ్వు నడుమ చిన్న గిన్నెలా ఉండి, అందులో కాస్త ద్రవం ఊరి ఉంటుంది. వేరే పువ్వు నుంచి పుప్పొడితో వచ్చిన పురుగు అందులోకి జారితే, ఒంటికి అంటిన పుప్పొడి ఆ ద్రవంలోకి దిగుతుంది. కొన్ని ఎక్కి బయటపడతాయి, కొన్ని అందులోనే చస్తాయి. మేం చూసిన పువ్వులో ఒక తేనెటీగ మునిగి ఉంది. మరుసటి రోజు నుంచి అదే పువ్వు పుప్పొడి ఇస్తుంది.

పిల్లల శిబిరంలో కలువకాడ ఒక కొస నీళ్లలో పెట్టి రెండో కొస నుంచి ఊదించాం. బుడగలు వచ్చాయి. లోపల గొట్టాలున్నాయని, ఆకు పీల్చిన గాలి వాటిగుండానే బురదలోని గడ్డకు చేరుతుందని ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. కాడను ఒకసారి ఇటు, ఒకసారి అటు విరుచుకుంటూ పోయి పీచు తెగకుండా గొలుసు చేయడం మా తరం ఆట. అదీ నేర్పాం.

డిసెంబరు నెల సమావేశంలో మన సభ్యుడైన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఫ్రెంచి చిత్రకారుడు మోనే చిత్రాలను గోడ మీద వేసి చూపించారు. 1893లో ఫ్రాన్స్‌లోని జివెర్నీలో మోనే కలువల కొలను తవ్వించబోతే ఊరివాళ్లు అడ్డుపడ్డారట, ఆ పరాయి మొక్కలు వాగు నీళ్లను విషం చేస్తాయని భయపడి. మన చేపల సొసైటీతో జరిగిన మాటలు గుర్తొచ్చి అందరం నవ్వాం. మోనే ఆ కొలను మీద సుమారు 250 చిత్రాలు వేశాడు. ఆకుల మీద దుమ్ము తుడవడానికి పడవలో ఒక తోటమాలిని పెట్టుకున్నాడు. కళ్లకు శుక్లాలు ముదిరి 1923లో ఆపరేషన్ అయ్యాక కూడా వేస్తూనే ఉన్నాడు. పెద్ద చిత్రాలను మొదటి ప్రపంచయుద్ధం ఆగిన మర్నాడు దేశానికి ఇస్తానన్నాడు. ఆయన 1926లో పోయాక, 1927లో పారిస్‌లోని ఓరాంజరీ మ్యూజియంలో రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో వాటిని జనానికి చూపించారు. "పువ్వుల్ని కాదు, నీళ్లను చూడండి. ఆకాశమూ కొమ్మలూ తలకిందులుగా ఉన్నాయి, గట్టు ఎక్కడా లేదు" అన్నారు మాస్టారు. అంతకు ముందు నాకు అవి అలుక్కుపోయిన రంగుల్లా కనిపించేవి. ఆ మాట విన్నాక కాసేపు చూస్తూ ఉండిపోయాను.

బతుకమ్మకు అల్లిపూలు కోయడం మీద కొందరు అక్కలు మన మీద కోపంగా ఉన్నారు. కోయొద్దని బోర్డు పెట్టడం నా తొందరపాటు. పువ్వు కోస్తే చెరువుకు నష్టం లేదు, గడ్డ పీకితేనే నష్టం. బోర్డు తీయించాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. పెద్ద ఖర్చు ప్రొక్లెయిన్ కిరాయి. దండగ ఖర్చు తామర మొక్కలు. సగం డబ్బు వెనక్కి వచ్చింది. తామరలను గుడి కోనేటికి ఇచ్చేశాం, అక్కడ బాగానే పూస్తున్నాయి.

వచ్చే ఏప్రిల్‌లో యంత్రం దిగేముందు కలువ ఉన్న చోటల్లా వెదురుకర్రలు పాతించాలి. ఎక్కడ పాతాలో ఆ వల పెద్దాయనే చూపిస్తానన్నాడు. ఆయనకు రోజుకూలి ఇవ్వాలని కమిటీ ప్రతిపాదన. దీన్ని ఆమోదించడానికి సర్వసభ్య సమావేశం ఈసారి హాల్లో కాకుండా కట్ట మీదే, రాత్రి 7 గంటలకు. టార్చిలైట్ తెచ్చుకోండి. దోమలున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి