‘లో విజిల్’ కొనే ముందు మీ చేతులు చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో తేలిగ్గా నేర్చుకోగల వాద్యాల గురించి రాస్తూ టిన్ విజిల్‌కి, అంటే నిలువుగా పట్టుకుని ఊదే ఆరు రంధ్రాల సన్నటి పిల్లనగ్రోవికి, కూడా ఒక పేరా ఇచ్చారు. చాలా సంతోషం, మన దగ్గర దాని పేరెత్తేవాళ్లే తక్కువ. కానీ చివర్లో గంభీరమైన నాదం ఇష్టపడేవాళ్లు ‘లో డి’ (డి అనే పాశ్చాత్య స్వరానికే, కానీ మామూలు దానికన్నా ఒక స్థాయి కింద పలికే పెద్ద విజిల్, ఇలాంటివాటినే లో విజిల్ అంటారు) కొనుక్కోవచ్చు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఈ ఉత్తరం ఆ ఒక్క ముక్క గురించే.

నేను నాలుగేండ్ల కింద అచ్చం అలాగే కొన్నాను. ఫోన్‌లో ఒకాయన లో డి వాయిస్తుంటే విని మనసు ఆగలేదు, వరంగల్‌లో ఎక్కడా దొరకదు కాబట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పెట్టె విప్పితే మూరంపావు పొడవుంది. పై చేతి మూడు వేళ్లూ ఎలాగో మూసుకున్నాయి గానీ కింది చేయి ఉంగరపు వేలు ఆరో రంధ్రం దాకా పోలేదు, పోయినా సందులోంచి గాలి కారిపోయి కింది స్వరం పలకలేదు. మూడు నెలలు తిప్పలు పడి అటక మీద పెట్టేశాను. నాకు సంగీతం రాదేమో అనుకున్నాను, అదే ఇప్పటికీ బాధ, ఎందుకంటే తప్పు నాది కాదు, కొలతది.

గొట్టం పొడవును బట్టే శ్రుతి. మామూలు డి విజిల్ ఇంచుమించు 30 సెంటీమీటర్లు, బి ఫ్లాట్ 37, ఎ 40, జి 45, లో డి 60 దాకా ఉంటుంది. పొడవుతో పాటు రంధ్రాల మధ్య దూరం పెరుగుతుంది, రంధ్రాలూ పెద్దవవుతాయి, ఊపిరీ ఎక్కువ కావాలి. పెద్ద బాన్సురీ (హిందుస్తానీ వేణువు) వాయించేవాళ్లు వేలి కొసలతో కాకుండా వేళ్లు చాపి మధ్య కణుపుల దగ్గరి కండతో రంధ్రాలు మూస్తారు, లో డి మీద కూడా అదే పట్టు. అది అలవాటైనవాళ్లు నేరుగా లో డి తీసుకోండి, నేను వద్దనను. మిగతావాళ్లు, ముఖ్యంగా పదీ పన్నెండేండ్ల పిల్లలు, బి ఫ్లాట్ తోనో ఎ తోనో మొదలుపెడితే నాదం అప్పటికే మామూలు డి కన్నా చాలా మెత్తగా, బరువుగా ఉంటుంది. పెద్దవాళ్లకు నేను చెప్పేది జి. ఏడాది జి మీద గడిపాక అటక మీంచి లో డి దింపితే అదే గొట్టం, అవే చేతులు, కింది స్వరం నిండుగా పలికింది.

ఇంకో సంగతి, ఇది మన కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులకు. విజిల్ మీద డి అని ఉంటే ఆరు రంధ్రాలూ మూసినప్పుడు వచ్చే స్వరం డి అని అర్థం. మన వేణువు లెక్క వేరు, దాని మీద పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం, బాన్సురీ మీద పై మూడు మూస్తే. అందుకే మా అక్క కొడుకు రెండు శ్రుతి (పాశ్చాత్య లెక్కలో డి) కావాలని డి విజిల్ తెప్పించుకుని, ఎప్పటి అలవాటుతో రెండు రంధ్రాలు మూసి ఊదితే శ్రుతి పెట్టె షడ్జమానికి కలవలేదు, వాడి షడ్జమం ఆరు శ్రుతి మీద పడింది. వాడు విజిలే పాడైందనుకున్నాడు. రాగాలూ అంతే. ఆరూ మూసి అక్కడి నుంచి ఒక్కో వేలూ లేపుతూ పోతే శంకరాభరణం, రెండు మూసిన చోట షడ్జమం పెట్టుకుంటే హరికాంభోజి, మూడు మూసిన చోట పెట్టుకుంటే కల్యాణి, మధ్యలో ఏ రంధ్రమూ సగం మూయక్కర్లేదు. జి కొనమనడానికి ఇదీ ఒక కారణం, బాన్సురీ పద్ధతిలో దాని మీద షడ్జమం సరిగ్గా ఒకటి శ్రుతి, మగవాళ్లు చాలామంది పాడేది అక్కడే.

కొనేటప్పుడు మెరుపు చూడకండి. తల భాగం జరిపి శ్రుతి సరిచేసుకునే రకమే తీసుకోండి, మన దగ్గర మే నెల ఎండలకు గొట్టంలో గాలి వేడెక్కి శ్రుతి పైకి పోతుంది, అతికించేసిన తల ఉంటే ఏమీ చేయలేం. వచ్చిన రోజే ఫోన్‌లో తంబుర పెట్టుకుని కింది స్థాయి, పై స్థాయి రెండూ కలుస్తున్నాయా చూడండి, అన్నిటికన్నా కింది స్వరం కాస్త గట్టిగా ఊదగానే పై స్థాయికి దూకేస్తుంటే వెంటనే తిప్పి పంపండి. చలికాలం పొద్దున లోహపు విజిల్‌లో ఊపిరి తేమ పేరుకుని తల భాగంలో గాలి పోయే సన్నటి దారి పూడుకుపోతుంది, అది లోపం కాదు. ఊదే ముందు తల భాగాన్ని రెండు నిమిషాలు పిడికిట్లో వెచ్చబెడితే చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ప్లాస్టిక్‌ది మేలు, చవక కూడా.

మీ వ్యాసంలో లో విజిల్‌ను పూర్తిగా విదేశీ వాద్యం అన్నారు. ఇప్పటి లో విజిల్ పుట్టింది ఇంగ్లండ్‌లోనే, 1970 ప్రాంతంలో. ఐర్లండ్ కళాకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గర ప్రాణంగా చూసుకునే వెదురు విజిల్ ఒకటి ఉండేది, అది మన దేశంలో చేసింది. అది బాగుచేయడానికి వీల్లేకుండా పాడైపోతే బెర్నార్డ్ ఓవర్టన్ అనే ఆయన దాని బదులు లోహపు గొట్టంతో చేసిపెట్టాడు. ఐనవోలు మల్లన్న జాతరలో కర్రకు గుచ్చి అమ్మే పిల్లనగ్రోవులు చూసినప్పుడల్లా నాకు ఆ కథే గుర్తొస్తుంది. ఈ సంగతి కూడా ఒకసారి రాయండి.

కొనే ముందు చేత్తో పట్టుకుని చూసే దుకాణం మనకు దగ్గర్లో లేదు, దానికోసం సికింద్రాబాద్ దాకా పోయినా లో విజిల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే చెబుతున్నా, ఆదివారం పొద్దున ఆరున్నరకు మేం ముగ్గురం భద్రకాళి బండ్ మీద వాయించుకుంటాం, మా దగ్గర బి ఫ్లాట్, జి, లో డి మూడూ ఉన్నాయి. ఎవరైనా రావచ్చు, వేళ్లు పెట్టి చూసుకుని వెళ్లొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, హన్మకొండ