చలిమంటకు ఏ కట్టె? ముందు ఎండిందో లేదో చూడండి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి మెత్త కట్టె పనికిరాదని, గట్టి కట్టే కాల్చాలని పోయిన ఆదివారం మీ పత్రికలో చదివాను. మాది చింతపల్లి. మా వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన ఉష్ణోగ్రతలు చలికాలమంతా మీరు వేస్తూనే ఉంటారు. ఆ చలిని కట్టెతో గట్టెక్కేవాళ్లం కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెత్త, గట్టి అన్న ఆ విభజన చలిదేశాలది. సూదుల్లాంటి ఆకులుండే పైన్ వంటివి వాళ్లకు మెత్త కర్ర, వెడల్పాకుల చెట్లన్నీ గట్టి కర్ర. ఆ లెక్కన మా కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కూడా గట్టి కర్రే అవుతుంది. నిజానికి అది తేలిక కట్టె. పేరులో ఓక్ ఉంది గానీ ఓక్ జాతీ కాదు, ఆస్ట్రేలియా చెట్టు.

రెండేళ్ల కిందట నవంబరులో ఒక వ్యాపారి దగ్గర తూకానికి చింత కట్టె కొన్నాను. చింతయితే నిప్పు నిలుస్తుందని మా అమ్మ మాట. ఆవిడకు ఎనభై దాటాయి, చలికి మోకాళ్లు పట్టేస్తాయి. తీరా పొయ్యిలో పెడితే కట్టె కొసల్లోంచి నురగ, సుయ్యిమని చప్పుడు, గదినిండా పొగ. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే కూర్చుంది. రాత్రంతా ఊదుగొట్టం నా చేతిలోనే ఉంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరయ్యేందుకే కొంత వేడి పోతుంది, మంటా సరిగా అందుకోదు. నేను డబ్బు పోసింది ఆ నీళ్లకు కూడా.

తోటలో నరికిన సిల్వర్ ఓక్ కొమ్మలు రేకుల పాక కింద ఏడాదిగా పడి ఉన్నాయి. తెల్లారగట్ల అవే తెచ్చి పెట్టాను. ఒక్క అగ్గిపుల్లకు అంటుకున్నాయి. అమ్మ కాళ్లు చాపుకుని అక్కడే నిద్రపోయింది.

బాగా ఎండితే ఏ కట్టయినా కిలోకు ఇంచుమించు ఒకే వేడినిస్తుంది. చింత, తుమ్మ బరువైనవి కాబట్టి చిన్న మొద్దులోనే ఎక్కువ వేడి ఉంటుంది, కణికలు చాలాసేపు నిలుస్తాయి. సిల్వర్ ఓక్ తొందరగా అయిపోతుంది, లేచి మళ్లీ మళ్లీ వెయ్యాలి. ఇప్పుడు దానితో రాజేసి, పైన రెండు ఎండు చింత మొద్దులు పెడుతున్నాను. చీల్చి పేర్చిన సిల్వర్ ఓక్‌కు ఒక ఎండాకాలం చాలు, చింతకు ఏడాది పైనే పడుతుంది. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి. ఎండిన కట్టెకు కొసల్లో పగుళ్లుంటాయి, బెరడు ఊడొస్తుంది.

మా పొయ్యి గదికి పొగగొట్టం ఉంది. లేనివాళ్లు చాలామంది బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటున్నారు. పొగ లేదు కదా అని ధైర్యం. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు. పోయిన చలికాలం మా వీధిలో ఒక తల్లీబిడ్డా లేవకపోతే తలుపు పగలగొట్టి బయటికి తెచ్చాం. బతికారు. ఆ పిల్ల నా దగ్గర చదువుకున్నదే. దయచేసి మీరు వేసే ఉష్ణోగ్రత పక్కనే, పడుకునే గదిలో కుంపటి పెట్టొద్దని రోజూ ఒక వాక్యం వెయ్యండి. మార్చిలో కట్టెలు చీల్చి ఆరబెట్టుకోమని కూడా ఒకసారి గుర్తు చెయ్యండి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా