కార్బన్ బాణాల స్టాక్ ఎందుకు లేదంటే... మీ ఇంట్లో ఉన్నవి కూడా ఒకసారి చూసుకోండి

అందరికీ నమస్కారం అండి. కొన్నాళ్ళుగా ఫోన్ చేసిన వాళ్ళందరికీ, విజయనగరం షాపుకి వచ్చిన వాళ్ళందరికీ కార్బన్ యారోస్ లేవు లేవు అనే చెప్తున్నాను, కొంతమందికి కోపం కూడా వచ్చింది, సెలక్షన్స్ ముందర పెట్టుకుని ఇప్పుడు లేవంటే పిల్లల పరిస్థితేంటి అని. ఆ కోపం న్యాయమే. అందుకే విషయం మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పొడుగవుతుంది గానీ పిల్లల్ని ఆర్చరీకి పంపే తల్లిదండ్రులు మాత్రం దయచేసి చివరి దాకా చదవండి.

మాకు ఈమధ్య ఒక లాట్ వచ్చింది, పెద్దగా పేరు లేని సరుకు, ధర బాగా తక్కువ, చూడ్డానికి నున్నగా మెరిసిపోతూ ఉన్నాయి. డబ్బాలు విప్పి ఒక్కో షాఫ్ట్ (బాణం గొట్టం) చేతిలోకి తీసుకుని మెల్లగా వంచి చూస్తుంటే కొన్నిటిలోంచి సన్నగా కిరకిరమని శబ్దం వస్తోంది. ఒక్క దెబ్బ కూడా తగలని కొత్త షాఫ్ట్‌లండి అవి. ఇంకొన్నిటి మీద స్పైన్ నంబర్ (ఎంత వంగుతుందో చెప్పే లెక్క) 500 అని ప్రింట్ ఉంది, టెస్టర్ మీద పెడితే 600 దాకా వంగిపోతున్నాయి. గొట్టం అంచు లైట్ కింద పెట్టి చూస్తే ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క కాగితంలా పల్చగా ఉంది. మంచివి ఏరుకుని అమ్మేసుకోవచ్చు కదా అని తెలిసినవాళ్ళు అన్నారు, కానీ లోపల పొరలు సరిగ్గా అతుక్కోని షాఫ్ట్ ఇవాళ బాగానే ఉన్నట్టు కనబడి యాభై బాణాలు వేశాక పోవచ్చు, ఆ టైంకి అది ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలీదు. అందుకే లాట్ మొత్తం వెనక్కి పంపేశాం. డబ్బులు ఇంకా పూర్తిగా రాలేదు, అది మేం చూసుకుంటాం.

కార్బన్ షాఫ్ట్ అంటే సన్నటి కార్బన్ దారాల్ని రెసిన్‌తో కలిపి గొట్టంలా చేసి గట్టిపరుస్తారు. బరువు తక్కువ, బలం ఎక్కువ, స్పీడు బాగా వస్తుంది, అందుకే అందరూ ఇష్టపడతారు. కానీ అల్యూమినియం బాణం పాడైతే వంకర పోతుంది, కళ్ళకి కనబడుతుంది, వంకర బాణం ఎవరూ వెయ్యరు కదా. కార్బన్ అలా కాదు, వంకర పోనే పోదు, లోపల చీలిక ఉన్నా పైకి తిన్నగానే ఉంటుంది. వెదురు బాణంతో అలవాటైన వాళ్ళకి ఇక్కడే ఇబ్బంది. పార్వతీపురం, సాలూరు, సీతంపేట వైపు పిల్లలు చాలామంది వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ నుంచి వస్తారు, వెదురు చీలితే కనబడుతుంది, దారం గట్టిగా చుట్టి మళ్ళీ వాడతారు. అదే పని కార్బన్‌కి చేస్తున్నారు, ఫెవిక్విక్ పోసి పైన స్టిక్కర్ చుట్టేసి! అలాంటివి నా దగ్గరికి వేన్స్ (బాణం వెనక ఉండే రెక్కలు) మార్చమని వస్తూంటాయి. దయచేసి అది మానెయ్యండి. గమ్ము పగులుని కప్పుతుందే తప్ప తెగిపోయిన దారాల్ని అతికించదు.

విరిగితే ఏమవుతుంది, దూరంగా పడిపోతుంది కదా అనుకుంటారు చాలామంది. కాదండి. బాణం మీద పెద్ద లోడు పడేది తాడు వదిలిన ఆ క్షణంలోనే. వెనకనుంచి తాడు ఒక్కసారిగా తోస్తుంది, ముందున్న పాయింట్ (మొన) బరువు ఇంకా కదలడానికి బద్ధకిస్తుంది, మధ్యలో షాఫ్ట్ నలిగి విల్లులా వంగి అప్పుడు బయటికి వెళ్తుంది. చీలిక ఉన్న షాఫ్ట్ ఆ వంపు దగ్గరే తెగుతుంది. ఆ టైంకి బాణం ఎక్కడుంది? ఇంకా విల్లు పట్టుకున్న చెయ్యి పక్కనే ఉంది. ముందు ముక్క ఎటో పోతుంది, వెనక ముక్కని తాడు ఇంకా తోస్తూనే ఉంటుంది, ఆ పదునైన చీలిన మొన బొటనవేలి వెనక భాగంలోకో మణికట్టులోకో ముంజేతిలోకో దిగిపోతుంది. ఆర్మ్ గార్డ్ తాడు దెబ్బకే గానీ దీన్ని ఆపలేదు.

మొన్నామధ్య సాలూరు వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు, కొత్త నాక్స్ (బాణం వెనక చివర తాడుకి తగిలించే ముక్కలు) కావాలని. కుర్రాడు కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వేస్తున్నాడు. క్వివర్‌లోంచి ఒక బాణం తీసి, దూది ఉండ షాఫ్ట్ పొడుగునా మెల్లగా లాగాను, నాక్‌కి నాలుగు వేళ్ళ కింద ఒక పోగు పట్టుకుని ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "ఏటి బావూ, పగిలిందంటావేటి, నాకేటీ కనబడ్డం లేదే" అన్నారు. నిజమే, కనబడలేదు. ఆయన చేతికే ఇచ్చి మెల్లగా వంచమన్నాను, మొహానికి దూరంగా పట్టుకుని. టిక్ అంది. కొంచెం తిప్పి మళ్ళీ వంచితే ఆ చోట గోరు పట్టేంత పగులు తెరుచుకుంది, వదిలెయ్యగానే మళ్ళీ మూసుకుపోయింది. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు, మిగతా బాణాలన్నీ టేబుల్ మీద పోసేసి "అన్నీ చూసియ్యి" అన్నారు. ఇంకో బాణం వచ్చి పక్కనుంచి రాసుకుంటే వచ్చిన దెబ్బ అది. మంచి కంపెనీ బాణమేనండి, దాని తయారీలో తప్పు లేదు. దగ్గర దగ్గరగా గుంపు వేసే మంచి ఆర్చర్‌కే ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే బాణాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

చూసుకోవడం ఎలా అంటే, పాయింట్ పైన ఒక చేత్తో, నాక్ కింద ఇంకో చేత్తో పట్టుకుని, మీకూ పక్కవాళ్ళకీ అవతలి వైపుకి ఒకటి రెండు అంగుళాలు వంగేలా వంచాలి, అంతకంటే ఎక్కువొద్దు. చేతికి తెలిసేదీ చెవికి వినబడేదీ రెండూ గమనించాలి, సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా అలా. కొంచెం తిప్పడం, మళ్ళీ వంచడం, అలా నాలుగైదు సార్లు, షాఫ్ట్ చుట్టూ పూర్తయ్యేదాకా. తర్వాత రెండు చివర్లూ పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పండి, వదులుగా తిరుగుతున్నట్టు అనిపిస్తే లోపల పోయినట్టే. చివరగా దూది. నాక్ కూడా చూడండి, నాక్ పగిలుంటే తాడు మీంచి జారిపోయి ఖాళీ విల్లు వదిలినట్టే అవుతుంది, అప్పుడు లింబ్స్ (విల్లుకి పైనా కిందా వంగే ముక్కలు) కూడా పోతాయి. ఇదంతా వారానికోసారి చేసే పని అనుకోకండి. బాణం బాణానికి తగిలినా, రాయికో స్టాండు ఇనుముకో తగిలినా, బట్ (టార్గెట్ పెట్టే దిమ్మ) తప్పి నేలలో దిగినా, తర్వాతి ఎండ్‌కి (తర్వాతి విడత బాణాలకి) ముందే చూడాలి. అనుమానం వస్తే రెండుగా విరిచి పారెయ్యండి, ఊరికే చెత్తబుట్టలో వేస్తే ఇంకో పిల్లాడు తీసుకుని వేస్తాడు. విరిచేటప్పుడు గుడ్డ చుట్టండి, కార్బన్ ముళ్ళు చేతిలో దిగితే తియ్యడం చాలా కష్టం.

ఇంకో విషయం స్పైన్. వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్‌లు కొట్టాక, ధీరజ్ బొమ్మదేవర 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీంలో మెడల్ మ్యాచ్ దాకా వెళ్ళాక మా షాపుకి వచ్చే పిల్లల్లో కాంపౌండ్ కావాలి, పెద్ద రికర్వ్ (ఒలింపిక్స్‌లో వాడే విల్లు) కావాలి అనేవాళ్ళు బాగా పెరిగారు, నాకు చాలా సంతోషం. కానీ విల్లు మార్చి బాణాలు మాత్రం పాతవే, అన్నయ్యవో అక్కవో సీనియర్‌వో వాడుతున్నారు. షాఫ్ట్‌ని 28 అంగుళాల దూరంలో రెండు చోట్ల ఆనించి మధ్యలో సుమారు 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగుతుందో అదే స్పైన్ నంబర్, అర అంగుళం వంగితే 500 అన్నమాట. నంబర్ పెరిగే కొద్దీ షాఫ్ట్ మెత్తన. చిన్న విల్లుకి కొన్న మెత్తటి బాణాన్ని 50 పౌండ్ల (తాడు లాగడానికి పట్టే బలం) కాంపౌండ్‌లో పెడితే వదిలినప్పుడు అతిగా వంగుతుంది, పగులు లేకపోయినా విరిగే ప్రమాదముంది. బరువు కూడా చూసుకోవాలి, కాంపౌండ్‌కి పౌండుకి కనీసం 5 గ్రెయిన్స్ అని మామూలు లెక్క, అంటే 50 పౌండ్లకి పాయింట్, నాక్ అన్నీ కలిపి 250 గ్రెయిన్స్, సుమారు 16 గ్రాములు, అంతకి తగ్గకూడదు. మరీ తేలిక బాణం వేస్తే విల్లుకి కూడా దెబ్బే.

పొడుగు సంగతి తల్లిదండ్రులే గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు ఎదుగుతారు, చేతులు పొడుగవుతాయి, నిరుడు సరిపోయిన బాణం ఈ ఏడాది పొట్టిదైపోతుంది, పూర్తిగా లాగినప్పుడు మొన రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) దాటి వెనక్కి వచ్చేస్తుంది. ఆ స్థితిలో వదిలితే బాణం విల్లుకో చేతికో తగులుతుంది. లాగి పట్టుకున్నప్పుడు పక్కనుంచి మీరే చూడండి, మొన రెస్ట్‌కి ముందు బాగానే కనబడాలి. అందుకే పొట్టిగా కొయ్యమని అడిగినా పిల్లాడిని తీసుకురాకుండా ఇకమీద మేం కొయ్యం. ఇంట్లో హాక్సా బ్లేడుతో అస్సలు కొయ్యొద్దు, అంచు చీలిపోతుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ వేసుకుని గిర్రున తిరిగే రాపిడి చక్రంతోనే కొయ్యాలి. పాయింట్ ఊడదియ్యడానికి లైటర్ తీసుకుని షాఫ్ట్‌నే కాల్చేవాళ్ళున్నారు, రెసిన్ వేడికి పాడైపోతుంది. వేడి చేస్తే పాయింట్‌నే చెయ్యాలి, అదీ కొద్దిగా.

ఒకవేళ ముక్క చేతిలో దిగితే లాగెయ్యకండి, కదలకుండా గుడ్డ కట్టి చెయ్యి పైకి ఎత్తి పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 108కి ఫోన్ చెయ్యండి. డాక్టర్ గారికి ఇది కార్బన్ అని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఈ దారాలు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు. విరిగిన మిగతా ముక్కలు కూడా పట్టుకెళ్ళండి, ఎంత లోపల ఉండిపోయిందో అంచనా దొరుకుతుంది.

గ్రౌండ్‌లో క్రమశిక్షణ గురించి కోచ్‌లు చెప్తూనే ఉంటారు, నేనూ ఒక మాట కలుపుతున్నా. 2020 జనవరిలో అస్సాం దిబ్రూగఢ్ జిల్లాలో ప్రాక్టీస్ చోట 12 ఏళ్ళ ఆర్చర్ అమ్మాయికి మెడ దగ్గర బాణం దిగిపోతే ఢిల్లీ ఎయిమ్స్ దాకా తీసుకెళ్ళి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. అందుకే చెప్పేది, బాణాలు ఎంత మంచివైనా విజిల్ విజిలే. రెండు ఊదితే లైన్ మీదకి, ఒకటి ఊదితే వెయ్యడం, మూడు ఊదితే తెచ్చుకోవడం, ఐదూ అంతకంటే ఎక్కువ వినబడితే ఉన్నపళంగా ఆపడం. బట్ నుంచి బాణం లాగేటప్పుడు వెనకాల ఎవరూ నిలబడకూడదు, నాక్ సరిగ్గా కంటి ఎత్తులో వస్తుంది.

ఇక షాపు సంగతి. కొత్త స్టాక్ ఆర్డర్ పెట్టాం, ఈసారి పేరున్న కంపెనీవే, డజన్ ధర ఇదివరకటి కంటే ఎక్కువే ఉంటుంది, తగ్గించే దారి నాకు దొరకలేదు. మొదలుపెట్టే పిల్లలకి, తక్కువ పౌండ్ల విల్లు వాళ్ళకి ఇప్పుడే కార్బన్ అక్కర్లేదు, అల్యూమినియం తీసుకోండి, అవి స్టాక్ ఉన్నాయి, చవక కూడా. కార్బనే కావాలంటే డజన్ కొనలేకపోతే ఆరు తీసుకోండి, విడిగా కూడా ఇస్తాం. సెకండ్ హ్యాండ్ కార్బన్ కొనడం అమ్మడం రెండూ ఆపేశాం, దాని చరిత్ర ఏంటో ఎవరికీ తెలీదు. పగిలిన షాఫ్ట్‌కి వేన్స్ కూడా వెయ్యం, దయచేసి బతిమాలకండి.

మీ దగ్గరున్న బాణాలు ఎక్కడ కొన్నవైనా సరే ఆదివారం పొద్దున్న తీసుకురండి, డబ్బులేమీ తీసుకోకుండా చూసిస్తాం, మీ పిల్లాడికీ అమ్మాయికీ కూడా చూడ్డం నేర్పిస్తాం. సిరిమాను పండగ రోజు మాత్రం షాపు తియ్యం. శ్రీకాకుళం, పాలకొండ, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి రాలేని వాళ్ళు ఆర్టీసీ పార్సిల్‌లో పంపొచ్చు, పాయింట్లు స్క్రూవి అయితే విప్పేసి, బాణాల్ని పీవీసీ పైపులో పెట్టి రెండు మూతలూ టేపు వెయ్యండి, విల్లు ఎన్ని పౌండ్లో, పిల్లాడి డ్రా లెంగ్త్ (తాడు ఎంత పొడుగు లాగుతాడో) ఎంతో చీటీ రాసి లోపల పెట్టండి, అది లేకుండా వస్తే సరిపోతాయో లేదో నేను చెప్పలేను.