స్టాక్ లేదన్న ఆ ఐదు రోజుల గురించి, ఆరోగ్య మంత్రి గారికి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడింటికీ ‘మీ అర్జీ పరిశీలనలో ఉంది’ అని ఒకటే జవాబు, మూడోసారి అయితే తేదీ మార్చడం కూడా మర్చిపోయారు. అందుకే ఈసారి అందరికీ కనపడేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఉచిత గర్భనిరోధక మాత్రల పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. నా బాధల్లా ఆ ఐదు రోజుల గురించే. నెలకొక్క షీటే ఇస్తారు, రెండు అడిగితే రూల్ లేదంటారు. ఆ నెల షీటు అయిపోయి వెళ్తే కౌంటర్లో ఉన్నావిడ తల కూడా ఎత్తకుండా ‘స్టాక్ లేదు, వచ్చే వారం రండి’ అంది. సరేనని వచ్చేశాను. ఐదు రోజులకు దొరికింది, ఆ రాత్రే మొదలుపెట్టాను. ఆ తర్వాత నెల తప్పింది.

మళ్లీ వెళ్లి అడిగితే ఏమన్నారో తెలుసా? ‘మీరే వేసుకోవడం మర్చిపోయి ఉంటారు లెండి.’ అయ్యా, రోజూ రాత్రి పళ్లు తోముకోగానే మాత్ర వేసుకుని, ఖాళీ గూడు గోరుతో నొక్కి మరీ చూసుకునేదాన్ని. పాత షీటు ఇంకా నా దగ్గరే ఉంది, 28 గూళ్లూ ఖాళీ. కావాలంటే పంపిస్తాను, దాన్ని కూడా పరిశీలనలో పెట్టుకోండి.

తర్వాత వేరే డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. 28లో మందు ఉన్నవి 21, చివర రంగు వేరుగా ఉండే 7 అలవాటు తప్పకుండా ఇచ్చే, గర్భం ఆపే మందు లేని మాత్రలట. ఆ 7 రోజుల్లో అండాశయం మెల్లగా మేలుకుంటుంది, ఎనిమిదో రోజు కొత్త షీటు పడితే మళ్లీ సద్దుమణుగుతుంది. మీ స్టాకు పుణ్యమా అని నాకు 7 కాస్తా 12 అయింది. షీటు మధ్యలో ఒక మాత్ర మర్చిపోవడం కన్నా కొత్త షీటు ఆలస్యం కావడమే ఎక్కువ ప్రమాదమట. అలా ఆలస్యమైతే, మళ్లీ మొదలుపెట్టి వరుసగా 7 రోజులు వేసుకునేదాకా కండోమ్ వాడాలట. ‘వచ్చే వారం రండి’ అన్న నోటితోనే ఈ ముక్క కూడా అనుంటే ఏం పోయేది?

అసలు చెప్పాల్సినవి ఎన్ని! ఒకటి మర్చిపోతే గుర్తు రాగానే వేసుకుని మిగతావి మామూలుగా వేసుకోవాలి, వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వాడేవాళ్లకు ఈ మాత్ర సరిగ్గా పనిచేయదు. నాకు బీపీ ఉందా అని కూడా ఎవరూ అడగలేదు, బీపీ ఎక్కువుంటే ఇది ఇవ్వకూడదట కదా! సరిగ్గా వాడితే ఏడాదిలో వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదట, మామూలుగా వాడేవాళ్లలో ఏడుగురిదాకా వస్తుందట. ఆ ఏడుగురిలో మీ స్టాకు ఖాతాలో వేయాల్సినవాళ్లు ఎందరో ఎవరైనా రాసిపెడుతున్నారా?

ఇక కండోమ్‌ల పెట్టె. ఎండ నేరుగా పడే కిటికీలో పెట్టారు, వేడికి రబ్బరు పాడవుతుందని మీ శాఖకు నేను చెప్పాలా? మా ఆయన ధైర్యం చేసి వాడే పద్ధతి అడుగుదామని వస్తే ‘మగవాళ్లు బయట ఉండండి’ అన్నారు. మరి తొడుక్కోవాల్సింది ఎవరండీ? గోడ మీద పోస్టరేమో మాత్ర వేసుకోండి, నిశ్చింతగా ఉండండి అంటుంది. హెచ్‌ఐవీని, సిఫిలిస్‌ను, గనేరియాను మాత్ర ఆపదు, దానికి కండోమే గతి, ఆ మాట పోస్టర్లో ఏ మూలా లేదు.

ఒకేసారి మూడు షీట్లు ఇప్పించండి. మర్చిపోతే ఏం చేయాలో మా భాషలో, కంటికి ఆనే అక్షరాల్లో ఒక్క కాగితం ఇప్పించండి. స్టాక్ లేని రోజున కనీసం నాలుగు కండోమ్‌లు చేతిలో పెట్టి పంపమనండి. మూడు షీట్లు మాత్రం మర్చిపోకండి, దయచేసి.

నాకు ఇప్పుడు ఆరో నెల. పుట్టాక మళ్లీ ఆ కౌంటర్‌కే రావాలి, వేరే దారి లేదు. పాలిచ్చేవాళ్లకు మాత్ర వేరేగా ఉంటుందట, అదైనా స్టాక్ ఉంటుందా?

ఇట్లు,
మీ పథకం లబ్ధిదారు